డైరెక్టర్ గారి పన్నెండు కనెక్షన్లు

మా శ్రవణ సహాయ డైరెక్టరేట్‌లో ఏ వస్తువైనా ఎవరో ఒకరి పేరు మీద ఉండి తీరాలి. కుర్చీకి ఒక పేరు, ఫ్యానుకి ఒక పేరు. రెండో అంతస్తులో పనిచెయ్యని వాటర్ కూలర్‌కి కూడా ఒక పేరుంది. ఆ పేరుగల ఆయన రిటైరై పదకొండేళ్ళయింది. కూలర్ అప్పగించలేదని ఆయనకి ఏటా ఒక లేఖ వెళుతుంది. దాన్ని రాసేది నేనే. నేను సి-సెక్షన్లో సీనియర్ అసిస్టెంట్‌ని. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో నాకు అర్థమైన సంగతి ఒక్కటే, మా ఆఫీసులో ఒకరి చేతికి చేరిన వస్తువు మళ్ళీ వెనక్కి రాదు.

చెవులు వినపడని పసిపిల్లలకి ప్రభుత్వం తరఫున ఆపరేషన్ చేయించడం మా శాఖ పని. డాక్టర్లు పాపని చూసి సరేనంటారు. ఆ తరవాత మా వెబ్‌సైట్ నుంచి నంబరు వేసిన అనుమతి పత్రం రావాలి. అది చూపిస్తేనే ఆసుపత్రిలో మంచం ఇస్తారు. పిల్లకి ఐదేళ్ళు నిండేలోగా పత్రం రాకపోతే ఇక పథకం వర్తించదు. ఆ నియమం ఎందుకు పెట్టారో నాకు తెలీదు గాని, మా శాఖలో కచ్చితంగా అమలయ్యేది అదొక్కటే.

కిందటేడు వెబ్‌సైట్‌ని కొత్తగా కట్టారు. కట్టింది తస్లీమా అనే అమ్మాయి. ఊరు తెనాలి. ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ పంపిస్తే వచ్చింది. డైరెక్టర్ జగదభిరామారావు గారు మమ్మల్నందరినీ సమావేశపరిచి, ఈ కొత్త వ్యవస్థ ఎలా పనిచేస్తుందో వివరించమని ఆమెని ఆదేశించారు.

తస్లీమా ఓపిగ్గానే చెప్పింది. పాత ప్రోగ్రాము దరఖాస్తు వచ్చినప్పుడల్లా లేచి, పని చేసి, వెంటనే పోయేదట. కొత్తది ఒకసారి లేచిందంటే వారాల తరబడి మేలుకునే ఉంటుందట. పిల్లల వివరాలన్నీ డేటాబేస్‌లో ఉంటాయి. దానితో మాట్లాడాలంటే ప్రోగ్రాముకి ఒక కనెక్షన్ కావాలి. డేటాబేస్ ఒకేసారి వందకి మించి కనెక్షన్లు ఇవ్వదు. అందుకని ప్రోగ్రాము కొన్నింటిని ముందే తెరిచి ఒకచోట ఉంచుకుంటుంది. దరఖాస్తు రాగానే ఒకటి తీసుకుంటుంది, పని కాగానే తిరిగి అక్కడే పెట్టేస్తుంది.

"సెకనులో పదోవంతు కూడా పట్టదు సార్. తిరిగి పెట్టేస్తూ ఉంటే నలభై చాలు, రాష్ట్రం మొత్తానికీ సరిపోతాయి" అంది.

డైరెక్టర్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆయన అలా తుడుచుకుంటున్నారంటే ఒక ఉత్తర్వు పుట్టబోతోందని మాకు తెలుసు.

"ఆ కనెక్షన్లు ఎవరి పేరు మీద ఉన్నాయి?"

"ఎవరి పేరు మీదా లేవు సార్. అవసరమైనవాళ్ళు తీసుకుంటారు, వాడుకుని వదిలేస్తారు."

వంద ప్రభుత్వ వస్తువులు, పేరూ ఊరూ లేకుండా, రోడ్డున పోయేవాళ్ళంతా తీసుకుని వదిలేస్తున్నారన్నమాట. సర్కారు ఆస్తి అన్యాక్రాంతమై ఉన్నదని డైరెక్టర్ గారు వ్యాఖ్యానించారు. జాయింట్ డైరెక్టర్ భానోజీ గారు, ఆడిట్ వాళ్ళ కంట ఇంకా పడకపోవడం మన అదృష్టమన్నారు. తస్లీమా ఇంకేదో చెప్పబోయింది గాని, అప్పటికే కేటాయింపుల కమిటీ ఏర్పడిపోయింది. మినిట్స్ నేనే రాశాను.

కమిటీ ఆరుసార్లు కూర్చుంది. కనెక్షన్లు హోదా ప్రకారం ఉండాలన్న దగ్గర ఎవరికీ పేచీ లేదు, హోదాకి ఎన్ని అన్న దగ్గరే వచ్చింది. చివరికి డైరెక్టర్ గారికి పన్నెండు, జాయింట్ డైరెక్టర్లకి తలా ఏడు అని మొదలుపెట్టి, మెట్టు మెట్టుకీ తగ్గించుకుంటూ సూపరింటెండెంటుకి ఒకటి దాకా వచ్చారు. సీనియర్ అసిస్టెంట్లకి ఇద్దరికి కలిపి ఒకటి. బేసి తేదీల్లో ఒకరిది, సరి తేదీల్లో ఇంకొకరిది. ఇలా తొంభై ఏడు పోగా మిగిలిన మూడింటిని 'ఇతరులు' అనే పద్దు కింద చూపించాం. ఇతరులంటే ప్రజలు.

నాకూ, పక్క సీటు విశాలాక్షి గారికీ కలిపి ఒకటి వచ్చింది. నావి బేసి తేదీలు. నెలలో ముప్ఫై ఒకటో తేదీ ఉంటే, మర్నాడు ఒకటో తేదీ కూడా నాదే అవుతోందని ఆవిడ లిఖితపూర్వకంగా అభ్యంతరం తెలిపారు. ఆ ఫైలు ఇంకా నడుస్తోంది.

ఎవరి కనెక్షన్ వాళ్ళ పేరు మీద తెరిచి, వాళ్ళ పేరు మీదే ఉండిపోయేలా తస్లీమా చేత ప్రోగ్రాము మార్పించారు. కనెక్షన్ బతికి ఉన్నంతసేపూ వెలిగేలా ప్రతి టేబుల్ మీదా చిన్న ఆకుపచ్చ దీపం పెట్టించారు. డైరెక్టర్ గారి టేబుల్ మీద పన్నెండు దీపాలు వరసగా వెలుగుతుంటే చూడముచ్చటగా ఉండేది. నా మాట దాచుకోవడమెందుకు, బేసి తేదీల్లో నేనూ పెందలాడే ఆఫీసుకొచ్చి నా దీపాన్ని జేబురుమాలుతో తుడిచేవాణ్ణి.

ఈ కనెక్షన్లతో మేం ఏం చేసేవాళ్ళమని మీరు అడగవచ్చు. తస్లీమా కూడా అడిగింది. డేటాబేస్‌ని అడగవలసిన ప్రశ్న మాలో ఎవరికీ ఏమీ లేదు. ఉంచుకునేవాళ్ళం.

దీపాలు శుక్రవారం వెలిగాయి, మొదటి సోమవారమే గొడవ వచ్చింది. ఎనిమిది గంటలపాటు ఎవరూ వాడని కనెక్షన్‌ని డేటాబేస్ తనంతట తాను తెంపేస్తుందట. శని, ఆదివారాలు సెలవు. సోమవారం పొద్దున వచ్చి చూస్తే అన్ని దీపాలూ ఆరిపోయి ఉన్నాయి. భానోజీ గారు ముఖం కూడా కడుక్కోకుండా డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళారు. ముందస్తు నోటీసు లేకుండా, తన వాదన వినకుండా ఏడు కనెక్షన్లు రద్దు చెయ్యడం సహజ న్యాయసూత్రాలకి విరుద్ధమన్నారు. మధ్యాహ్నానికల్లా డేటాబేస్‌కి సంజాయిషీ నోటీసు తయారైంది. "డేటాబేస్, సర్వర్ రూము, గ్రౌండ్ ఫ్లోర్" అని చిరునామా రాసి అటెండర్ సింహాద్రి చేత పంపాను. అతను సర్వర్ రూము తలుపుకి అంటించి వచ్చాడు. ఏడు రోజుల్లో జవాబు రాలేదు గనక అభియోగాన్ని అంగీకరించినట్టే భావించడమైనదని రెండో నోటీసు కూడా నేనే రాశాను.

ఇకమీదట ఏ అధికారి కనెక్షనూ తెగడానికి వీల్లేదని తస్లీమాకి హుకుం అయింది. పాపం, ఆ పిల్ల ఏం చేస్తుంది? ప్రతి అయిదు నిమిషాలకీ ఒక్కో కనెక్షన్ డేటాబేస్‌ని "ఒకటి ఎంత?" అని అడిగేలా పెట్టింది. డేటాబేస్ "ఒకటి" అని చెబుతుంది. దాంతో ఆ కనెక్షన్ వాడకంలో ఉన్నట్టే లెక్క, తెగదు. అసలు ఈ పద్ధతి అన్నిచోట్లా ఉన్నదేననీ, అయితే పని చేసే కనెక్షన్లకి పెడతారనీ ఆమె నాతో మెల్లిగా అంది.

డైరెక్టర్ గారికి మాత్రం ఈ ఏర్పాటు అమితంగా నచ్చింది. తొంభై ఏడు కనెక్షన్లు రోజుకి ఇరవై ఏడు వేల తొమ్మిది వందల ముప్ఫై ఆరు ప్రశ్నలు అడుగుతున్నాయి. డేటాబేస్ అన్నింటికీ జవాబు చెబుతోంది. ఒక్కటీ తప్పు కాదు. శాఖ చరిత్రలో ఇంతటి ప్రగతి నమోదు కాలేదని నెలసరి నివేదికలో రాయించారు. పైనుంచి అభినందన లేఖ వచ్చింది. ఇంకో మూడు శాఖల నుంచి అధ్యయన బృందాలు వచ్చి దీపాల దగ్గర ఫొటోలు దిగి వెళ్ళాయి.

ఈలోగా ఒక జాయింట్ డైరెక్టర్‌కి బదిలీ అయింది. ఆయన తన ఏడింటినీ అప్పగించకుండానే కొత్త ఊళ్ళో చేరిపోయారు. ఆయన స్థానంలో వచ్చినాయన దీపం లేని టేబుల్ ముందు ఎలా కూర్చుంటారు? 'ఇతరులు' పద్దులోంచి రెండు తీసి తాత్కాలికంగా సర్దాం. రాష్ట్రమంతటికీ ఒకటి మిగిలింది. దానికి ప్రజా కనెక్షన్ అని పేరు పెట్టి, ఒక సభ చేసి, ప్రజలకి అంకితం ఇచ్చాం.

ఆ ఒక్కటీ ఒక మంగళవారం నాడు ఎవరి దరఖాస్తు మధ్యలోనో ఇరుక్కుపోయింది. ఇక వెబ్‌సైట్ తెరిస్తే తిరిగే చక్రం, కాసేపాగి ప్రయత్నించమన్న మాట తప్ప మరేమీ రాలేదు. దీపాలన్నీ మాత్రం చక్కగా వెలుగుతూనే ఉన్నాయి గనక ఆఫీసులో ఎవరికీ ఏ లోటూ కనిపించలేదు.

బుధవారం పొద్దున పైడితల్లి వచ్చింది. గజపతినగరం అవతల ఏదో పల్లె. ఇటుక బట్టీలో పని. చంకలో కూతురు. పాప పేరు సుగుణ. డాక్టర్లు మూడు నెలల క్రితమే సరేనన్నారు. మంచం కూడా చూసి ఉంచారు. అనుమతి పత్రం ఒక్కటే రావాలి. నెట్ సెంటర్లో పదకొండుసార్లు ప్రయత్నించి, ఇక లాభం లేదని నేరుగా మా దగ్గరికి బయల్దేరింది. పాప పుట్టిన తేదీ చూశాను. ఆదివారంతో ఐదేళ్ళు నిండుతాయి.

"డాటరు బావు సంతకం ఎట్టేసినాడు. కాయితం రావాలంతన్నారు. ఆ కాయితం మీ కాడే ఉన్నాదంట గదా బావూ" అంది.

ఉందన్నాను. అబద్ధం కాదు. కింద గ్రౌండ్ ఫ్లోర్‌లో, డేటాబేస్‌లో, ఆ పాప వివరాలు భద్రంగా ఉన్నాయి. వాటిని పైకి తీసుకురావడానికి కనెక్షన్ లేదు, అంతే. మరి అవేంటని ఆమె దీపాల వైపు చూపించింది. అవి అధికారులవని చెప్పాను. ఏం చేస్తారు వాటితో అని అడిగింది. ప్రతి అయిదు నిమిషాలకీ ఒకటెంతని అడుగుతామని చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గేసింది. ఇరవై ఆరేళ్ళలో ఆఫీసు పని గురించి నేను సిగ్గుపడ్డది అదే మొదటిసారి.

ఆ రోజు బేసి తేదీ. నా కనెక్షన్ నేను వదిలేస్తానని సూపరింటెండెంటు గారికి చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. మా ఆఫీసులో ఏదైనా పుచ్చుకోవడానికి ఫారాలున్నాయి గాని, ఇచ్చెయ్యడానికి ఫారం లేదు. తెల్లకాగితం మీదే రాసిచ్చాను. ఉమ్మడి కేటాయింపు గనక విశాలాక్షి గారి సమ్మతి కావాలన్నారు. ఆవిడ నేను ఒకటో తేదీ మీద హక్కు వదులుకున్నట్టు రాసిస్తే సమ్మతిస్తానన్నారు. రాసిచ్చాను. అంతా అయ్యాక, ఖాళీ అయిన కనెక్షన్ వెయిటింగ్ లిస్టు ప్రకారం టైపిస్టులకి వెళుతుందని తేలింది. లిస్టులో పద్నాలుగు మంది ఉన్నారు. సాయంత్రానికి నా దీపం టైపిస్టు టేబుల్ మీద వెలిగింది. పైడితల్లి వరండాలో గోడకి ఆనుకుని కూర్చునే ఉంది.

తస్లీమాని అడిగితే, ప్రోగ్రాముని ఒకసారి ఆపి మళ్ళీ మొదలుపెడితే చాలంది. రెండు నిమిషాల పని. కనెక్షన్లకి పేర్లు పెట్టకముందున్న పద్ధతి అంతా అలాగే దాచి ఉంచిందట, దాంతో లేపితే ఆగిపోయిన పత్రాలన్నీ గంటలో బయటికి వస్తాయంది. అలా చేస్తే తొంభై తొమ్మిది కనెక్షన్లూ తెగి ఎవరివీ కాకుండా పోతాయి. అందుకని అనుమతి కోరుతూ ఫైలు పెట్టాను. డైరెక్టర్ గారు తొంభై తొమ్మిదింటి హక్కుదారుల నుంచీ నిరభ్యంతర పత్రాలు సేకరించవలెనని రాశారు.

సేకరించడానికి నేనే తిరిగాను. గురువారం సాయంత్రానికి నలభై ఒకటి వచ్చాయి. బదిలీ అయినాయన ఫోను ఎత్తలేదు. ఒక అసిస్టెంట్ డైరెక్టర్ సస్పెన్షన్లో ఉన్నారు, ఆయన రెండు దీపాలకీ లక్కముద్ర వేసి ఉంది, విచారణ తేలేదాకా ముట్టుకోకూడదు. ఒక సూపరింటెండెంటు గారు కాలం చేశారు. ఆయన కనెక్షన్‌ని కారుణ్య ప్రాతిపదికన తన పేరుకి మార్చమని ఆయన భార్య దరఖాస్తు పెట్టుకున్నారు. అది పెండింగులో ఉండగా అభ్యంతరం లేదని ఎవరు రాయాలన్నది న్యాయపరమైన చిక్కు. ఇవన్నీ వివరించి శుక్రవారం పొద్దున ఫైలు మళ్ళీ పైకి పంపాను. దాని మీద డైరెక్టర్ గారు "చర్చించవలెను" అని రాసి భోజనానికి వెళ్ళారు. శని, ఆదివారాలు సెలవు.

ఆఫీసంతా క్యాంటీన్‌లో ఉండగా తస్లీమా నా టేబుల్ దగ్గరకి వచ్చింది. చేతిలో సర్వర్ రూము తాళం ఉంది.

"ఆ పాపకి ఈ మధ్యాహ్నం ఒక్కటే ఉంది సార్. నేను వెళ్ళి ఆపేస్తున్నాను."

"ఉద్యోగం పోతుందమ్మా" అన్నాను.

"నాది నెల నెలా రెన్యువల్ సార్. నెలకోసారి పోతూనే ఉంటుంది."

ఆమెని నేను ఆపలేదు. వెళ్ళమనీ అనలేదు. వెనకాలే వెళ్ళి సర్వర్ రూము గుమ్మం దగ్గర నిలబడ్డాను. అంతకన్నా ధైర్యం నాకు లేదు.

ఒంటి గంటా పన్నెండు నిమిషాలకి ఆఫీసులో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. లక్కముద్ర వేసినవి కూడా. తరవాత యాభై మూడు నిమిషాల్లో మూడు వేల నూట నాలుగు పత్రాలు బయటికి వచ్చాయి. ఒక్కో దరఖాస్తు వస్తూ కనెక్షన్ తీసుకుని, పని చూసుకుని, వదిలేసి పోతోంది. ఎవరూ ఎవరినీ అడగడం లేదు. పైడితల్లి పత్రాన్ని నేనే ప్రింటు తీసి ఇచ్చాను. ఆమె దాన్ని మడిచి పాప గౌను లోపల పెట్టి, ఆసుపత్రికి ఏ బస్సు ఎక్కాలో అడిగి వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

రెండూ అయిదుకి డైరెక్టర్ గారు వచ్చి ఆరిపోయిన పన్నెండు దీపాలనీ చూశారు. ఆ సాయంత్రమే తస్లీమాని ఏజెన్సీకి తిప్పి పంపేశారు. వెళ్ళేముందు ఆమె తాళం అప్పగించి, నా చేత రసీదు రాయించుకుంది. ఇప్పుడు ఒక ప్రైవేటు బస్సుల కంపెనీలో పనిచేస్తోందట. అక్కడ నలభై కనెక్షన్లతో రాష్ట్రంలోని టిక్కెట్లన్నీ అమ్ముతున్నారని ఫోన్లో చెప్పింది. మా దగ్గర సోమవారం నాటికి పాత ఉత్తర్వులన్నీ మళ్ళీ అమల్లోకి వచ్చాయి. దీపాలు వెలిగాయి.

ఆ యాభై మూడు నిమిషాల మీద విచారణ ఆరు నెలలు నడిచింది. న్యాయ విభాగం తన అభిప్రాయం తెలిపింది. కేటాయింపు లేని కనెక్షన్ల ద్వారా వెలువడిన పత్రాలు చెల్లవు. పత్రం చెల్లనప్పుడు ఆపరేషన్ జరిగినట్టు శాఖ గుర్తించరాదు. ఆపరేషన్ జరగనప్పుడు వినికిడి వచ్చే ప్రసక్తి లేదు. మూడు వేల నూట నాలుగు కుటుంబాలకీ నోటీసులు వెళ్ళాయి. ఒక్కొక్కరినీ పిలిచి విచారించి, పిల్లలు వినడం లేదని నమోదు చేసి ముగించాలని నిర్ణయం. మొదటి పేరు సుగుణది.

పైడితల్లి మళ్ళీ వచ్చింది. ఈసారి పాప నడుస్తూ వచ్చింది. చెవి వెనక చిన్న యంత్రం, దానికి ఎర్ర రిబ్బను. డైరెక్టర్ గారు న్యాయ విభాగం అభిప్రాయాన్ని మొదటినుంచీ చివరిదాకా చదివి వినిపించారు. పైడితల్లి అంతా నిలబడే వింది.

"మరి ఇంటన్నాది గదా బావూ" అంది.

డైరెక్టర్ గారు ఎంతో దయగా మాట్లాడారు. "వ్యక్తిగతంగా వింటే మాకేమీ అభ్యంతరం లేదమ్మా. రికార్డు ప్రకారం వినకూడదు."

కావాలంటే మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవచ్చన్నారు. కాకపోతే ఐదేళ్ళు దాటాయి గనక అది తిరస్కరిస్తామని కూడా ముందే చెప్పారు. పైడితల్లి పాప భుజం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. యంత్రం వెనక్కి ఇచ్చెయ్యమంటారేమోనని ఆమె భయం.

డైరెక్టర్ గారు నాకు మినిట్స్ చెప్పడం మొదలుపెట్టారు. పాప తల్లి చెయ్యి విడిపించుకుని టేబుల్ దగ్గరకి వచ్చింది. అటెండర్‌ని పిలిచే గంట అక్కడుంది. నొక్కింది. సింహాద్రి గుమ్మంలోకి వచ్చాడు. అతను వెళ్ళాక మళ్ళీ నొక్కింది. మళ్ళీ వచ్చాడు. పాపకి నవ్వు ఆగలేదు. గుమ్మం వైపే చూస్తూ మూడోసారి నొక్కబోయింది.

"ఏయ్ పాపా, ఆపు" అన్నారు డైరెక్టర్ గారు, ఫైల్లోంచి తల ఎత్తకుండానే.

పాప చెయ్యి గంట మీద ఆగిపోయింది. వెనక్కి తిరిగి ఆయన్ని చూసి, రెండు చేతులూ వీపు వెనక దాచుకుంది.

ఆయన అదేమీ గమనించలేదు, చెప్పుకుంటూ పోయారు. ఆయన చెప్పిందంతా నేను పొల్లుపోకుండా రాశాను. చివర నాలుగో పేరాగా ఇంకొక వాక్యం చేర్చాను. "విచారణ సందర్భమున పాప గుమ్మం వైపు చూచుచుండగా, ఆమె వెనుకనుండి డైరెక్టర్ గారు జారీ చేసిన మౌఖిక ఉత్తర్వును విని, తక్షణమే అమలుపరచినది."

డైరెక్టర్ గారు ఎప్పటిలాగే చదవకుండా సంతకం పెట్టి, తేదీ వేసి, ముద్ర కొట్టించారు. ఒక కాపీ పైడితల్లి చేతికిచ్చి, దీన్ని ప్రాణంలా దాచుకోమన్నాను. మిగతా మూడు వేల నూట మూడు విచారణలకీ గంటని టేబుల్ అంచున, పిల్లలకి అందేచోట పెట్టమని సింహాద్రితో చెప్పాను.